సరిహద్దు వాగు మీద నా ఆఖరి నాకా

మా పక్కింటి అశ్వినికి పోలీసు భర్తీలో ఉద్యోగం వచ్చింది. శిక్షణకు వెళ్లే ముందు గోకుందలోని మా ఇంటికొచ్చి, వరండాలో కూర్చుని చాయ్ తాగుతూ అడిగింది: "కాకా, నాకా డ్యూటీ అంటె ఏముంటది? బండ్లు ఆపుడేనా?"

"అంతే బిడ్డా," అన్నాను.

ఆ పిల్ల వెళ్లిపోయాక ఆ జవాబు నాకే నచ్చలేదు. నాందేడ్ జిల్లాలో శిపాయిగా చేరి ముప్పై మూడేళ్ల తర్వాత హవాల్దారుగా దిగిపోయినవాణ్ని. అందులో ఎన్నో ఏళ్లు కిన్వట్ తాలూకా నాకాల మీదే, చెక్‌పోస్టుల్లోనే గడిచాయి. అదంతా బండ్లు ఆపడమేనా? కాదు. అందుకే ఇది రాస్తున్నాను. నా బదిలీలు, బందోబస్తులు, గోడ మీది ప్రశంసాపత్రం, ఇవేవీ ఇందులో ఉండవు. పంచనామా ఎలా రాయాలో అశ్వినికి అక్కడ వాళ్లే నేర్పుతారు. వాళ్లు నేర్పనిది, నేను తప్పు చేసి నేర్చుకున్నది మాత్రం రాస్తాను.

*అవతల అంటే*

నేను పుట్టింది ఇస్లాపూర్ దిక్కున, మహారాష్ట్రకు చివరి ఊళ్లో; గోకుందకు వచ్చింది నౌకరీ కోసం. ఊరు దాటితే ఒక వాగు, దాని మీద చిన్న కల్వర్టు, ఆ పైన తెలంగాణ. నా చిన్నప్పుడు అది ఆంధ్రప్రదేశ్. మాకు మాత్రం ఎప్పుడూ 'అవతల' అంతే. అమ్మ ఎటు పోయిందంటే అవతలికి పోయింది, ఎద్దు ఎటు తప్పిపోయిందంటే అవతలికి పోయింది. ఎండాకాలం వాగులో ఇసుక తప్ప ఏమీ ఉండదు. మధ్యలో ఎక్కడ ఒక రాష్ట్రం అయిపోయి ఇంకోటి మొదలవుతుందో మాలో ఎవరికీ తెలియదు, తెలుసుకోవాలని కూడా ఎవరికీ అనిపించలేదు.

బడి మరాఠీలో, ఇంట్లో తెలుగు, అంగట్లో బేరం హిందీలో. మా ఊరి కోడళ్లు చాలామంది అవతలి నుంచి వచ్చినవాళ్లే. మా ఆడపిల్లలు అవతలి ఊళ్లలో కాపురాలు చేస్తున్నారు. జ్వరమొస్తే ఏ డాక్టర్ దగ్గరయితే ఆ డాక్టర్ దగ్గరికే. మా ఊళ్లో చాలామందికి నాందేడ్ కంటే నిర్మల్, ఆదిలాబాద్ ఆసుపత్రులే అలవాటు.

మాకు గుంట భూమి కూడా లేదు. అమ్మ వానాకాలం భూమన్న పటేల్ చేన్లో కూలి చేసేది. నాట్ల కాలం వస్తే పదిహేను ఇరవై మంది ఆడవాళ్లతో కలిసి అవతలికి పోయేది. మోకాలి లోతు మడిలో పొద్దంతా వంగి, మాపటికి తిరిగొచ్చి, వాగులో కాళ్లు కడుక్కుంటూ వాళ్లు నవ్వుకునే నవ్వులు ఇంటి దగ్గరికి వినిపించేవి. ఆ నవ్వులు వినబడగానే నేను పొయ్యి రాజేసేవాణ్ని. అంత అలసిపోయినవాళ్లు అట్లా ఎలా నవ్వేవాళ్లో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

భూమన్న గురించి చెప్పాలి. పెద్ద ఆసామీ ఏం కాదు, నడిమి రకం రైతు. మాట కరుకు. నేను పోలీసు భర్తీకి పోతానంటే ఊళ్లో నవ్విన వాళ్లున్నారు. ఆయన మాత్రం, "ఉరుకుడు అస్తదారా నీకు?" అని అడిగి, రోజూ పొద్దున తన చేను చుట్టూ పరుగెత్తించాడు. చేతి గడియారం చూసుకుంటూ గట్టు మీద కూర్చునేవాడు. ఆయన కూతురు గంగామణికి అప్పుడు తొమ్మిదో పదో ఏళ్లు. నేను ఎన్ని చుట్లు తిరిగానో లెక్కపెట్టే పని ఆ పిల్లది. "లస్మన్నా, ఇంక రెండే!" అని అరిచేది. ఒక్కోరోజు కావాలని తప్పు లెక్కపెట్టి నన్ను ఇంకో చుట్టు తిప్పి, కడుపు పట్టుకుని నవ్వేది. నేను సెలెక్ట్ అయిన రోజు భూమన్న అన్నది ఒక్కటే మాట: "ఇగ మాతోని సలాం కొట్టిచ్చుకోకు."

*ఖాదర్ జమాదార్*

నా మొదటి నాకా మాండవి అడవి దారిలో. టేకు దొంగతనంగా దాటిపోకుండా చూడాలి. అక్కడ మా పెద్ద ఖాదర్ జమాదార్. పొట్టి మనిషి, ఎప్పుడూ పాన్ నములుతూ ఉండేవాడు. ఎవరి మీదా గొంతు పెంచగా నేను చూడలేదు.

చేరిన నెలలోనే నా ప్రతాపం చూపించాను. ఒక ముసలామె తల మీద పెద్ద మూటతో వచ్చింది. ఏముందంటే గొణిగింది. నాకు సరిగా వినబడలేదు. ఒంటి మీది వర్దీ కొత్తది, కోపం కూడా కొత్తదే. మూట లాగి రోడ్డు మీద బోర్లించాను. గాజులు. సంతకు తీసుకుపోతున్న మట్టిగాజులు, సగానికి సగం పగిలాయి. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. కింద కూర్చుని మంచివి ఏరుకోవడం మొదలుపెట్టింది. అదే నన్ను ఎక్కువ చంపింది.

జమాదార్ వచ్చి చూశాడు. "బైఠ్," అన్నాడు నాతో. కూర్చున్నాను. ఆమెతో పాటు ఒక్కొక్కటే ఏరి మూట కట్టేదాకా నన్ను లేవనివ్వలేదు. ఆమె వెళ్లాక అన్నాడు: "పహ్లే ఆద్మీ కో దేఖ్, ఫిర్ థైలీ కో." ముందు మనిషిని చూడు, తర్వాత సంచిని. ఆ తర్వాత ఎందరో సాయెబుల కింద పనిచేశాను. అంత పనికొచ్చే మాట ఇంకొకరు చెప్పలేదు. చాలాకాలం ఆ మాట ప్రకారమే నడిచాను కూడా. చాలాకాలం అన్నాను, ఎల్లప్పుడూ అనలేదు. ఆ తేడా ఏమిటో ఇప్పుడు చెప్తాను.

*వాగు మూసిన ఎండాకాలం*

కరోనా వచ్చిన ఏడాది నా ఉద్యోగానికి ఇంకా కొన్ని నెలలే మిగిలున్నాయి. రాష్ట్రాల సరిహద్దులన్నీ మూసేయమని ఆర్డర్ వచ్చింది. మూడు భాషలు వచ్చినవాడు కావాలని నన్ను మా ఊరి కల్వర్టు మీదే వేశారు. ఇటు మా బారికేడ్, అటు తెలంగాణ వాళ్ల బారికేడ్, మధ్యలో ఇరవై అడుగులు ఎవరిదీ కాదు. అటువైపు కానిస్టేబుల్ మల్లేశ్, మంచివాడు. మొదటి రోజు ఇద్దరం అటొకరు ఇటొకరు నిలబడి, ఏం మాట్లాడుకోవాలో తెలియక ఒకరినొకరు చూసుకున్నాం. మా ఇద్దరికీ అవతల చుట్టాలున్నారు.

అశ్వినీ, ఒక మాట ముందే చెప్తాను. ఆ ఆర్డర్ తప్పని నేను అనడం లేదు. రోగం నిజం, భయం నిజం. కానీ ఆర్డర్ రాసినవాళ్లకు మా వాగు తెలియదు. వాళ్లకు అది మ్యాపు మీద గీత. మాకు అది రోజూ కాళ్లు కడుక్కునే చోటు. ఆ రెండింటి మధ్య నిలబడేది శిపాయి. ఆ సంగతి ఆర్డర్లో ఉండదు.

పదో రోజో పన్నెండో రోజో, మిట్టమధ్యాహ్నం, అవతలి నుంచి ఒక గుంపు నడుచుకుంటూ వచ్చింది. పదిహేడు మంది. మాండవి అడవి వైపు గోండు, కొలాం కుటుంబాలు. తెలంగాణలో ఎక్కడో మిరపకాయ ఏరడానికి పోయి, పని ఆగిపోయి, బండ్లు లేక నడిచి వస్తున్నారు. ఆడవాళ్ల చేతులు మిరప ఘాటుకు పొక్కి ఉన్నాయి. అందరి కంటే పెద్దవాడు భీంరావ్, తెల్లటి మీసాలాయన, ముందుకొచ్చి చేతులు జోడించాడు.

"సాయెబా, గిది మా తాలూకానే. మేం మా ఇంటికి పోతున్నం. మాకు పాసు ఎందుకు?"

మల్లేశ్ వాళ్లను తన బారికేడ్ దాటనిచ్చేశాడు. వెనక్కి తీసుకోవద్దని వాళ్ల పైవాళ్లు చెప్పారట. లోపలికి రానివ్వొద్దని మా పైవాళ్లు చెప్పారు. పదిహేడు మంది ఆ ఇరవై అడుగుల మధ్య ఇరుక్కుపోయారు. కింద ఇసుక, పైన ఎండ, కల్వర్టు కింద మూరెడు నీడ. పిల్లల్ని ఆ నీడలో కూర్చోబెట్టి పెద్దవాళ్లు ఎండలో నిలబడ్డారు. ఊళ్లోని మా చుట్టాలింటి నుంచి అన్నం, మల్లేశ్ వాళ్ల దగ్గర నుంచి నీళ్లు వచ్చాయి. నేను ఫోన్లు చేస్తూనే ఉన్నాను. కిన్వట్ అంటే నాందేడ్ అడగమన్నారు. నాందేడ్ అంటే ఆగమన్నారు.

రెండో రోజు మధ్యాహ్నం భీంరావ్ భార్య కళ్లు తిరిగి పడిపోయింది. నీళ్లు చల్లి లేపారు. ఆమె లేచి కూర్చుని, తప్పు చేసినదానిలా కొంగు సర్దుకుని, నా వైపు చూసి నవ్వడానికి ప్రయత్నించింది. నేను వెళ్లి బారికేడ్ పక్కకు జరిపాను. ఎవరినీ అడగలేదు. వాళ్లను వరుసగా కూర్చోబెట్టి పేర్లు రాసుకుని, ఆరోగ్య కేంద్రం సిస్టర్‌ను పిలిపించి చూపించి, బడిలో ఉంచాను. పద్నాలుగు రోజులు అక్కడే ఉండాలని చెప్తే, "నీడ ఉంది గద, ఉంటం," అన్నాడు భీంరావ్. వాళ్లలో ఎవరికీ రోగం లేదు.

ఊళ్లో మాత్రం గొడవ లేచింది. బడి దారికి ముళ్లకంప అడ్డం వేశారు. ఆ ముళ్లకంప వేసిన వాళ్లలో నాతో కలిసి ఆడుకున్నవాళ్లు ఉన్నారు. గోకుందలో మా ఆవిడ నీళ్లకు పోతే, "మీ ఆయన బయటోళ్లను లోపటికి తోలుతుండట, నువ్వు జర దూరం ఉండు," అన్నారట. ఆమె ఖాళీ బిందెతో ఇంటికొచ్చి నాతో ఏమీ అనలేదు. పక్కవాళ్ల దగ్గర విన్నాను. వాళ్లు చెడ్డవాళ్లు కారు. భయపడ్డవాళ్లు. మూసేసిన గేటు ఒకటే కాదు, దాన్ని చూసి ప్రతి ఇంటివాడూ తన గుమ్మానికి ఒకటి పెట్టుకున్నాడు.

మూడో రోజు ఫౌజ్‌దార్ సాయెబు, మా ఎస్సై, వచ్చాడు. సాతారా వైపు కుర్రవాడు, మొదటి పోస్టింగ్. కోపం కంటే బెదురు ఎక్కువ కనిపించింది అతని ముఖంలో. పక్కకు పిలిచి మెమో చేతిలో పెట్టాడు.

"హవాల్దార్, తుమ్హీ రిటైర్ హోణార్. మీ నాహీ," అన్నాడు. నువ్వు రిటైరయిపోతావు, నేను కాను.

ఆ తర్వాత మెల్లగా అన్నాడు: ఇంకోసారి ఇట్లా అయితే విచారణ పెట్టక తప్పదు, అప్పుడు నీ పెన్షన్ ఏమవుతుందో నా చేతిలో ఉండదు.

ఆ మాట నాలో దిగబడిపోయింది. గుంట భూమి లేని ఇంట్లో పుట్టినవాడికి పెన్షన్ అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

*గంగామణి*

మెమో అందిన ఐదో రోజు పొద్దున, ఏడు గంటలు దాటిందేమో, అవతలి నుంచి ఒక ఆడమనిషి పరుగులాంటి నడకతో వస్తూ కనిపించింది. వెనక ఒక మగమనిషి. దగ్గరికొస్తే గంగామణి. కల్వర్టుకు మూడు మైళ్ల దూరంలోని ఊళ్లో ఆమె కాపురం. వెనక వస్తున్నది భర్త. ఆమె చీర కుచ్చిళ్లు దుమ్ముకొట్టుకుపోయాయి, ఒక కాలికి చెప్పు లేదు.

మల్లేశ్ ఆమెను ఆపలేదు. సంగతి తెలిసి తలవంచుకుని పక్కకు తప్పుకున్నాడు. ఆమె తిన్నగా నా బారికేడ్ దాకా వచ్చి రెండు చేతులతో దాన్ని పట్టుకుంది.

"లస్మన్నా, బాపు పోయిండు."

నాకు తెలుసు. తెల్లవారుజామునే ఊళ్లో నుంచి కబురొచ్చింది. భూమన్న నాలుగు రోజులుగా మంచం మీద ఉన్నాడు. వయసు మీద పడింది, అంతే; కరోనా కాదు.

"తమ్ముడు ఫోన్ చేసిండు. ఎండ ముదరక ముందే తీస్తరట. ఒక్క గంట అన్నా. మొకం చూసి మళ్ల అస్త. ఇంట్ల గూడ అడుగు పెట్ట. వాకిట్ల నిలబడి చూస్త."

"పాసు కావాలె చెల్లె," అన్నాను. 

"బాపు సచ్చిపోయిండని పాసు ఎవ్వని అడగాలె నేను? ఎటు పోయి అడగాలె?"

ఆమె భర్త అన్నాడు: "నన్ను ఈడ్నే కూసుండబెట్టుకో హవాల్దార్. ఆమె మళ్ల అచ్చేదాకా నేను ఈడ్నే ఉంట. ఆమెను పోనీయి."

ఫౌజ్‌దార్ సాయెబుకు ఫోన్ చేశాను. కలవలేదు. మా దగ్గర సిగ్నల్ అంతే, వస్తుంది పోతుంది. ఇక్కడే నా తప్పు ఉంది, అశ్వినీ. నేను ఒక్కసారే చేశాను. రెండోసారి చెయ్యలేదు. కలిస్తే ఆయన సరేనంటాడేమో, అప్పుడు పంపాలి, పంపాక ఊరివాళ్లు మళ్లీ లేస్తారు, మళ్లీ మెమో. కలవకపోవడమే నాకు మేలనిపించింది. ఫోన్ జేబులో పెట్టుకుని, "సాయెబు ఎత్తుతలేడు," అన్నాను. అది సగం నిజం.

ఉద్యోగాల గురించి రాసేవాళ్లు ఇలాంటి చోట 'నేను నిస్సహాయుణ్ని' అని రాస్తారు. నేను నిస్సహాయుణ్ని కాను. వారం కిందట పదిహేడు మందిని వదిలినవాణ్ని, ఒక్క మనిషిని వదల్లేనా? వదలగలను. భయపడ్డాను. రెండూ ఒకటి కాదు.

ఆమె ఇంకేం అడగలేదు. బారికేడ్ వదిలి రెండడుగులు వెనక్కి వేసి కల్వర్టు గోడ పట్టుకుని నిలబడింది. భూమన్న చేను వాగు పొడవునా ఉంటుంది. వాళ్ల ఇళ్లల్లో సొంత చేన్లోనే దహనం చేస్తారు. కల్వర్టు మీద నుంచి ఆ మూల కనబడుతుంది. మనుషులు గుర్తుపట్టలేనంత దూరం, కదలికలు మాత్రం తెలిసేంత దగ్గర. కాసేపటికి ఐదారుగురు నడుస్తూ రావడం కనిపించింది. అంతకంటే ఎక్కువ మందికి అనుమతి లేదు. ఇంకాసేపటికి పొగ లేచింది. గాలి లేదు. నిలువుగా లేచింది.

గంగామణి ఒక్కసారి "బాపూ" అని అరిచింది. ఒక్కసారే. నేను వినకుండా ఉండలేకపోయాను, చూడకుండా మాత్రం ఉండగలిగాను. ఊరి వైపు తిరిగి నిలబడ్డాను, రాని బండ్ల కోసం రోడ్డు చూస్తున్నట్టు. మళ్లీ అటు తిరిగేసరికి వాళ్లిద్దరూ వెళ్లిపోయారు. మల్లేశ్ కుర్చీలో కూర్చుని టోపీ ఒళ్లో పెట్టుకుని నేల చూస్తున్నాడు.

*తర్వాత*

ఆలోచనలు సమయానికి రావు. నాలుగు రోజులు గడిచాక, బారికేడ్ దగ్గర నిలబడి ఉంటే తట్టింది: ఆమెను ఇటు పంపకపోతే పంపకపోయాను, పాడెనైనా కల్వర్టు దాకా తెప్పించి ఉండవచ్చు. నాలుగు వందల అంగలు. ఆమె అటు నుంచి చూసి ఉండేది. ఏ ఆర్డర్ కూడా దానికి అడ్డం కాదు. అంత చిన్న ఉపాయం నాకు ఎందుకు తట్టలేదు? ఆ పొద్దున నేను నా గురించి ఆలోచిస్తున్నాను, ఆమె గురించి కాదు. అందుకని తట్టలేదు.

ఫౌజ్‌దార్ సాయెబు వచ్చినప్పుడు జరిగింది మొత్తం చెప్పాను, ఫోన్ ఒక్కసారే చేశానన్నది కూడా. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. "మాఝీ ఆయీ గావాకడే ఎకటీచ్ ఆహే," అన్నాడు చివరికి. మా అమ్మ ఊళ్లో ఒక్కతే ఉంది. ఆ రోజే తనే వెళ్లి మల్లేశ్ వాళ్ల అధికారితో మాట్లాడాడు. చావు జరిగితే శవాన్ని కల్వర్టు దాకా తేవచ్చు, అవతలివాళ్లు దూరంగా నిలబడి చూడవచ్చు అని ఒప్పుకున్నారు. కాగితం మీద ఏమీ రాయలేదు. వాగు తెరిచేలోగా శవాలతో మూడు ట్రాక్టర్లు అట్లా వచ్చాయి. ప్రతిసారీ నేనే ముందు నిలబడి దారి చేశాను. ప్రతిసారీ గంగామణికి దక్కనిదే గుర్తొచ్చేది.

ఆ ఎండాకాలంలో నవ్వుకునేవి కూడా ఉన్నాయి. మామిడికాయ పచ్చళ్ల రోజులు. ఇటు తల్లులు జాడీలు తెచ్చి కల్వర్టు మధ్యలో పెట్టి వెనక్కి వచ్చేవాళ్లు, అటు కూతుళ్లు వచ్చి తీసుకుపోయేవాళ్లు. ఒకసారి జాడీలు మారిపోయి ఒకరి పచ్చడి ఇంకొకరింటికి పోయింది. ఆ ఇద్దరు ఆడవాళ్లు వాగుకు చెరో ఒడ్డున నిలబడి, "నీ పచ్చట్ల ఉప్పే లేదు," "నీ దాంట్ల ఉప్పు తప్ప ఏం లేదు," అని అరుచుకుంటుంటే నేనూ మల్లేశ్ కడుపు నొచ్చేలా నవ్వాం. అవతలి పెళ్లికొడుకు, ఇవతలి పెళ్లికూతురు ఆ మధ్య స్థలంలోనే పెళ్లి చేసుకున్నారు. అక్షింతలు చాలక ఇంత బియ్యం తెమ్మని మమ్మల్నే పురమాయించారు. ఇప్పుడు తలుచుకుంటే ఆ రోజుల మీద నాకు బెంగలాంటిది కూడా ఉంది. బారికేడ్ మీద కాదు, దాని చుట్టూ దారులు వెతుక్కున్న మనుషుల మీద.

వానలు పడ్డాక బారికేడ్లు తీసేశారు. కొన్నాళ్లకు నేను రిటైరయ్యాను. సన్మానంలో నా సేవల గురించి చాలా మంచి మాటలు చెప్పారు. తల వంచుకుని విన్నాను.

*ఆమె ఇంటి ముందు*

గంగామణి తండ్రి పోయిన తర్వాత పుట్టింటికి రాలేదు. బారికేడ్లు తీసేశాక కూడా రాలేదు. తమ్ముడు సురేశ్ పండక్కి పిలవడానికి పోతే, "నాకు మూసిన తొవ్వల నేను నడువ," అందట. ఒకసారి ఇస్లాపూర్ సంతలో దూరాన కనిపించింది. నేను పక్క దుకాణంలోకి దూరి, అక్కర్లేని మేకులు కొనుక్కుని బయటికొచ్చాను.

అట్లా రెండేళ్లు. కిందటి చలికాలం ఒకరోజు మా ఆవిడే అంది: "ఎన్ని దినాలు గిట్ల? పోయి చెప్పు. తిడితె తిట్టనీయి." బండి తీసి బయల్దేరాను.

ఆమె వాకిట్లో పత్తి ఆరబోస్తోంది. నన్ను చూసి చేయి ఆగింది. కూర్చోమనలేదు. నేను నిలబడే చెప్పాను.

"ఆ దినం నేను నిన్ను పంపొచ్చు గంగామణి. పంపలే. ఫోన్ గూడ ఒక్కపారే కొట్టిన. భయపడ్డ. గదే చెప్పుదామని అచ్చిన."

ఆమె పత్తి వైపే చూస్తూ రెండు గుప్పిళ్లు పరిచింది. తర్వాత అంది:

"పంపకపోతివి, సరే. నౌకరి నీది. గని నువ్వు అటు మొకం తిప్పుకొని నిలబడ్డవ్. నేను బాపూ అని ఒర్రుతుంటె ఈపు చూపిచ్చినవ్. నాకు ఆ పొగ యాదికి రాదు లస్మన్నా. నీ ఈపే యాదికస్తది."

 రెండేళ్లుగా మనసులో తయారుచేసుకున్న మాటలన్నీ పంపడం, పంపకపోవడం గురించి. ఆమెకు గుచ్చుకున్నది అది కాదు. నాకు ఆ మాట ఆమె నోటి నుంచి వినేదాకా తెలియలేదు.

"తప్పయింది," అన్నాను.

ఆమె లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చి నా ముందు పెట్టింది. తాగాను. నా చిన్నప్పుడు బాపు నిన్ను ఉరికిచ్చిండు గద, ఎన్ని చుట్లు ఉరుకుతుంటివి, అని అడిగింది. పదిహేను అన్నాను. "పన్నెండే," అంది. "నేను లెక్క పెట్టిన. నువ్వు ఎప్పుడు ఎక్కువనే చెప్తుంటివి." నవ్వలేదు. కానీ అట్లా మాట్లాడింది.

లేస్తూ అడిగాను: "ఒకపారి రావచ్చు గద ఇంటికి? నేను బండి మీద తోల్కపోత."

"అస్తె నేనే అస్త. నీ తోని కాదు," అంది. "నాకు రాబుద్ధయిన దినం అస్త."

అంతే. దాన్ని నేను క్షమాపణ కింద రాసుకోలేదు. నువ్వూ అట్లా రాసుకోకు, అశ్వినీ. వర్దీలో ఉన్నవాళ్లకు తప్పు ఒప్పుకోగానే ఎదుటివాళ్లు మాఫీ చేసెయ్యాలనుకునే అలవాటు ఒకటి ఉంటుంది. చెయ్యక్కర్లేదు. ఎవరినైనా ఆపాల్సి వస్తే ఆపు. ఆపే రోజులు నీకు చాలా వస్తాయి. కానీ వాళ్ల ముఖంలోకి చూస్తూ ఆపు. అప్పుడు నీకే తెలిసిపోతుంది, ఆపాలో వద్దో. రెండోసారి ఫోన్ చెయ్యి. మూడోసారి కూడా చెయ్యి.

ఈ జూన్‌లో, తొలి వాన పడిన రెండో రోజు, సురేశ్ నుంచి ఫోన్ వచ్చింది. గొంతులో సంబరం ఆగడం లేదు.

"అన్నా, అక్క అచ్చింది! పొద్దుగాలనే నడుసుకుంట అచ్చింది, ఒక్కతే. చెప్పలే, చెయ్యలే. తిన్నగ చేన్ల పోయి బాపును కాల్చిన జాగల కూసుంది. ఇంట్లకు రమ్మంటె జర సేపు ఉండనీయి అంటుంది. చాయ్ పంపిచ్చిన. నువ్వు గూడ రా అన్నా, అస్తె మంచిగుంటది."

బండి తాళం చేతిలోకి తీసుకున్నాను. మా ఆవిడ గుమ్మంలో నిలబడి నన్నే చూస్తోంది. తాళం మళ్లీ మేకుకు తగిలించాను.

"ఇయ్యాల కాదు సురేశ్," అన్నాను. "ఆమెను బాపు కాడ కూసుండనీయి. నేను ఎల్లుండి అస్త."